దిగుడులో న్యూట్రల్

డిపోలో ఆమెను అందరూ చుక్కమ్మ అనేవారు. కొత్తగా చేరిన కండక్టర్లు ఆ పేరు విని, ఈవిడకు మందు అలవాటుందేమోనని ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. అది డీజిల్ చుక్క. తొమ్మిదేళ్ళు వరసగా డిపో మొత్తమ్మీద అందరికన్నా తక్కువ డీజిల్‌తో బస్సు నడిపినందుకు పడిన పేరు. ఆ తొమ్మిది సర్టిఫికెట్లూ ఇంట్లో కుట్టుమిషను పైన గోడకు వరసగా ఉన్నాయి. మొగుడు దర్జీ. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కూడా నెత్తిమీద పెళ్ళాం పెత్తనమేనని, బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ఆ ఫ్రేములు వారం వారం తుడిచేది కూడా అతనే.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి. ముక్కుమీద కోపం. ఇరవై నాలుగేళ్ళ కిందట ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆ డిపోలో ఆడ డ్రైవరన్న మాటే లేదు. "ఈ అమ్మ కాలు క్లచ్చికి అందితే నా మీసం తీసేస్తా" అన్నాడు గుబురు మీసాల డ్రైవరొకాయన, అందరూ వినేలా. ఆమె నడుము వెనక రెండు దిళ్ళు పెట్టుకుని, సీటు అంచుకు జరిగి, క్లచ్చి అడుగంటా తొక్కి, బస్సును యార్డు చుట్టూ మూడుసార్లు తిప్పి, దిగివచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "కత్తెర నేనే తెచ్చాను అన్నా. మా ఆయన దర్జీ" అంది. మీసం ఉండిపోయింది గానీ, ఆ రోజు నుంచి ఆయన ఆమెకు అన్న, ఆమె ఆయనకు చెల్లెమ్మ. కొండ రూటు నేర్పింది కూడా ఆయనే.

కొండ రూటుకు రెండు గట్లు. ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి, దిగాలి. తిరిగొచ్చేటప్పుడూ అదే తంతు. మీసాలాయన నేర్పిన విద్య చిన్నది. "దిగుడు మొదలవగానే గేరు తీసేసి న్యూట్రల్ చెయ్యి చెల్లెమ్మా. తన బరువుకి తనే పోతుంది. ఇంజను గుర్రుపెట్టి పడుకుంటుంది. దానికి తిండెందుకు?"

అది తప్పు. తప్పని యార్డు గోడ మీద ఎర్రక్షరాలతో రాసి కూడా ఉంది. గేరు పట్టు లేకపోతే బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాలి వాసనొస్తాయి, మన ఖర్మ కాలితే బండి లోయలో ఉంటుంది. అందరికీ తెలుసు, అందరూ చేసేవారు. ఆఫీసరెవరైనా బండెక్కితే మాత్రం దిగుడంతా మూడో గేరులో, బుద్ధిమంతుల్లా దిగేవారు. ఆయన దిగిపోయాక మళ్ళీ మామూలే. చుక్కమ్మ ఇందులో చెయ్యి తిరిగిన మనిషి. ఏ మలుపులో వదిలితే ఏ కల్వర్టు దాకా పోతుందో ఆమెకు గజాలతో సహా తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ బ్రేకు వాసన రానివ్వలేదు. మంచి పనని నేననను. నేర్పు మాత్రం నేర్పే.

తరవాత డీజిల్ కరువొచ్చింది. ఒక్కసారిగా రాలేదు. మొదట రేట్లు పెరిగాయి, తరవాత రోజూ వచ్చే ట్యాంకరు వారానికి రెండుసార్లయింది, ఆ తరవాత వస్తుందో రాదో చెప్పేవాడే లేడు. నలభై బస్సుల డిపోలో పన్నెండు తిరిగాయి. మిగిలినవి టైర్లలో గాలి దిగి ఎండలో నిలబడ్డాయి. ఆ రోజుల్లో గేటు దగ్గర ఒక చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఇత్తడి కొలబద్ద పట్టుకుని ఉండేవాడు. వచ్చిన ప్రతి బండి ట్యాంకులోనూ దాన్ని దించి, ఎంత మిగిలిందో చూసి, ఎక్కువ మిగిల్చిన డ్రైవర్ల భుజం తట్టి, మంచి డ్యూటీలు వేసేవాడు. ఎలా మిగిల్చావని ఏనాడూ ఎవర్నీ అడగలేదు. ఆ ఇన్‌స్పెక్టరే ఇప్పుడు డిపో మేనేజరు.

చివరికి కరెంటు బస్సులొచ్చాయి. యార్డులో డీజిల్ పంపు పీకేసి, ఆ చోట చార్జింగ్ స్తంభాలు పాతారు. రేకుల కప్పు మీద సోలార్ పలకలు పరిచారు. చుక్కమ్మకు కొత్త బండి మొదటిరోజే నచ్చింది. క్లచ్చి లేదు, గేరు కర్ర లేదు, సాయంత్రానికి భుజం నొప్పి లేదు. స్టీరింగు పక్కన మూడే మీటలు: ముందుకు పోవడానికి డి, వెనక్కి పోవడానికి ఆర్, మధ్యలో న్యూట్రల్‌కి ఎన్. ఎదురుగా చిన్న తెర మీద బ్యాటరీ ఎంత ఉందో నూటికింతని అంకె.

నేర్పడానికి బస్సుల కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. డ్రైవర్లు ట్రైనింగ్ పిల్ల అనేవారు. మొదటిరోజే "ఆంటీ, మీరు ముందు కూర్చోండి" అని చుక్కమ్మను పిలిచింది. "ఆంటీ ఎవరూ? డ్రైవర్ని" అని చుక్కమ్మ కసిరితే, ఆ పిల్ల బెదరకుండా "సరే డ్రైవరుగారూ, ముందు కూర్చోండి" అంది. అక్కడికి ఇద్దరికీ కుదిరింది.

రెండు రోజులు బొమ్మలు చూపించి పాఠం చెప్పింది. "దిగుడులో పెడల్ మీద కాలు తీసేస్తే చాలు. చక్రాలే మోటారుని తిప్పుతాయి. కరెంటు తిరిగొచ్చి బ్యాటరీలో పడుతుంది" అని పచ్చ బాణాలు చూపించింది. అందరూ తలలూపారు. కాలు తియ్యడమే కదా, అదేం బ్రహ్మవిద్య? డి మీట అలాగే ఉండాలని ఆ పిల్ల వేరే చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తట్టలేదు. పుస్తకం రాసినవాళ్ళకూ తట్టలేదు. దిగుడు కనబడగానే న్యూట్రల్‌కి పోయే చేతులుంటాయని వాళ్ళకెలా తెలుస్తుంది?

నెల తిరగకముందే గొడవ మొదలైంది. కొండ రూటులో తిరిగే బళ్ళలో, యాభై దాటిన పదకొండుమంది డ్రైవర్లు నడిపేవి సాయంత్రానికి నీరసించిపోయి వచ్చేవి. కొత్త కుర్రాళ్ళు ముప్పై అయిదు మిగిల్చుకొస్తుంటే వీళ్ళు పదకొండు, తొమ్మిది. వింత ఏమిటంటే, ట్రైనింగ్ పిల్ల పక్కన కూర్చున్న రోజున వీళ్ళూ ముప్పై నాలుగు తెచ్చేవారు. పిల్ల దిగిపోతే మళ్ళీ తొమ్మిది. "అది ఆఫీసర్ల బండి చెల్లెమ్మా. మనల్ని చూస్తే దానికి లెక్కలేదు" అనేవాడు మీసాలాయన. అందరూ నవ్వేవారు. ఆ పిల్ల పక్కనుంటే తమ చేతులు న్యూట్రల్ జోలికి పోవన్న సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఊపిరి పీల్చే సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ బండి రెండో గట్టు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. నలభై ఆరుమంది ప్రయాణికులు. పసిపిల్లల్ని చంకన వేసుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని, ఎండలో గట్టు నడిచి ఎక్కారు. "ముసలాళ్ళ చేతికి కొత్త బండ్లిస్తే ఇంతే" అన్నాడొకడు, ఆమె కిటికీ కిందే నిలబడి. ఆమె నోరు ఎవరికీ భయపడేది కాదు. ఆ రోజు పెగల్లేదు. బండిని లాక్కెళ్ళడానికి డిపో నుంచి లాగుడుబండి వచ్చేదాకా స్టీరింగు మీద చేతులుంచి అలాగే కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళలో ఆమె బండి దారిలో ఆగడం అదే మొదటిసారి. తల కొట్టేసినట్టయింది.

మేనేజరు వేరే విధంగా అర్థం చేసుకున్నాడు. చూస్తున్నప్పుడు సరిగ్గా నడిపి, చూడనప్పుడు బ్యాటరీ తగలేస్తున్నారంటే, కావాలని చేస్తున్నారన్నమాట. కొత్త బళ్ళు పనికిరావని నిరూపించడానికి పాతవాళ్ళు పన్నిన పన్నాగం. పదకొండుమందినీ స్టీరింగు మీద నుంచి దించి యార్డులో బళ్ళు కడిగే పనికీ గేటుకీ వెయ్యాలని రాసి పైకి పంపాడు. పైనుంచి సరేనని వచ్చింది. సోమవారం పొద్దున తొమ్మిదికి మీటింగ్, అక్కడే కాగితాలు చేతికిస్తారని శుక్రవారం నోటీసు అంటించారు.

ఆ శుక్రవారమే, నోటీసు చదివిన కోపంతోనే, చుక్కమ్మ కొండ రూటుకు బయలుదేరింది. ముందు సీట్లో ఒక బక్కపల్చటి పెద్దమనిషి కూర్చున్నాడు.

"ఏమ్మా, ఇవాళ ఎక్కడ ఆపుతావో ముందే చెప్తే గొడుగు తీసి పెట్టుకుంటా" అన్నాడు, సరిగ్గా మొదటి గట్టు మీద దిగుడు మొదలయ్యేచోట.

ఆమె ఒంటికాలి మీద లేచింది. "మీ గొడుగు కోసం నేను బండి నడపట్లేదు బాబాయ్! అంత భయమైతే నడిచి రండి, ఎవరాపారు?"

"నడిచాం కదమ్మా మొన్న!"

"ఒక్కరోజు నడిచారు! ఇరవై నాలుగేళ్ళు మోశాను నేను. ఒక్కరైనా బాగుందమ్మా అన్నారా? ఆగినప్పుడు మాత్రం నోళ్ళు లేస్తాయి!"

ఆయన తగ్గలేదు, ఆమె తగ్గలేదు. బస్సంతా వింటోంది. అయిదు కిలోమీటర్ల దిగుడు వాదనలోనే అయిపోయింది. కిందికొచ్చాక ఆమె తెర వైపు చూసింది. గట్టు మీద నలభై ఒకటి ఉన్న అంకె ఇప్పుడు నలభై నాలుగు. తెర చెడిపోయిందనుకుంది. మీటల వైపు చూసింది. డి మీట వెలుగుతోంది. కోపంలో చెయ్యి న్యూట్రల్‌కి పోనేలేదు.

రెండో గట్టు దిగుడులో కావాలని ఎన్ నొక్కింది. అంకె కదల్లేదు. శనివారం, ఆదివారం ప్రతి దిగుడులోనూ చూసుకుంది. డి ఉంటే పెరుగుతోంది, ఎన్ నొక్కితే చచ్చినట్టు పడుంటోంది. తొమ్మిదేళ్ళు డిపోలో మొదటి స్థానంలో నిలబెట్టిన చెయ్యే ఇప్పుడు దిగిన ప్రతిసారీ కరెంటును గాలికొదిలేస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆదివారం చివరి గట్టు కిందే బండి పక్కకు ఆపి, కండక్టరు వింతగా చూస్తుంటే, కాసేపు రెండూ చేసింది.

ఆదివారం సాయంత్రం మీసాలాయన ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆయన చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"నిజమే అయ్యుంటుంది. అయితే నోరు మూసుకుందాం చెల్లెమ్మా. అందరి చెవిలోనూ వేద్దాం. రేపట్నుంచి డిలోనే దిగుతారు. అంతటితో పోతుంది."

"పోదు అన్నా. భయపెట్టగానే దారికొచ్చారు, చూశారా, ఇన్నాళ్ళూ కావాలనే చేశారు అంటాడు మేనేజరు. కాగితాలు రేపు పొద్దున్నే ఇస్తున్నాడు."

"మరి న్యూట్రల్ మాటెత్తితే? గోడ మీద రాసుంది. ఉద్యోగానికే ఎసరొస్తుంది. నాకింకా పది నెలలుంది."

"నీ పేరు నేనెందుకెత్తుతాను?" అని లేచొచ్చేసింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను మిషను ఆపి, తలెత్తి గోడ వైపు చూశాడు.

"అయితే ఇవన్నీ..."

"ఆ. ఇవన్నీ."

అతను లేచి ఒక ఫ్రేము మీద చెయ్యి వేశాడు. "తియ్యనా?" అన్నాడు.

"ఎందుకు తియ్యడం? నేనేం దొంగిలించలేదు. డీజిల్ లేదన్నారు, మిగిల్చి చూపించాను. ఎలా మిగిల్చానో వాళ్ళకి తెలీదా?" అంది. స్టీరింగు పోతుందన్న భయం అప్పుడు మొదటిసారి తెలిసింది. బళ్ళు కడగడం నామోషీ కాదు. కానీ ఆమెకు ప్రపంచమంతా ఆ అద్దంలోంచే కనబడేది. అది లేకపోతే పొద్దున్నే ఎందుకు లేవాలో ఆమెకు తెలియదు. మొగుడికి ఆ సంగతి తెలుసు. అందుకే వద్దనలేదు. "ఏం మాట్లాడినా కూర్చుని మాట్లాడకు, నిలబడి మాట్లాడు. పొట్టిగా ఉంటావు, కనబడవు" అన్నాడు.

సోమవారం తొమ్మిదికి రేకుల షెడ్డులో బెంచీలు వేశారు. పదకొండుమందీ ముందు వరసలో, తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ట్రైనింగ్ పిల్ల ఓ మూల నిలబడింది. మేనేజరు బల్ల మీద పదకొండు కవర్లు పెట్టుకున్నాడు.

"మీరు కావాలని చేశారని నేననను. మీ లెక్కలే అంటున్నాయి. మేడమ్ ఉంటే ముప్పై నాలుగు, లేకపోతే తొమ్మిది. దీనికి సమాధానం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి" అని, ఎవరూ చెప్పరన్న ధీమాతో మొదటి కవరు చేతిలోకి తీసుకున్నాడు.

చుక్కమ్మ లేచి నిలబడింది. "నా దగ్గరుంది సార్."

మీసాలాయన ఆమె కొంగు పట్టుకుని లాగాడు. ఆమె విదిలించుకుంది.

"మేడమ్ ఉన్నప్పుడు డిలో దిగుతాం సార్. లేనప్పుడు న్యూట్రల్‌లో దిగుతాం. న్యూట్రల్‌లో దిగితే బ్యాటరీకి చుక్క కరెంటు రాదు. మాకా సంగతి తెలీదు. మొన్న శుక్రవారం నాకు తెలిసింది."

ట్రైనింగ్ పిల్ల నుదురు కొట్టుకుని, "అయ్యో! డి ఉండాలని నేను చెప్పనేలేదు" అంది పైకే.

మేనేజరు కవరు కింద పెట్టాడు. "న్యూట్రల్‌లోనా? గోడ మీద ఏం రాసుందో తెలుసా మీకు?"

"చదవడం వచ్చు సార్."

"ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?"

"ఇరవై నాలుగేళ్ళుగా. మీరిచ్చిన తొమ్మిది సర్టిఫికెట్లూ న్యూట్రల్‌వే."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మొహం ఎర్రబడింది. "ఇది ఒప్పుకోలు. దీనికి ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. మీకూ ఒకటి తెలుసు సార్, దాన్నీ ఒప్పుకోండి. డీజిల్ కరువులో ఇదే గేటు దగ్గర కొలబద్ద పట్టుకుని నిలబడ్డారు. నా ట్యాంకులో ఆరు లీటర్లు ఎక్కువ మిగిలితే భుజం తట్టారు. ఇంజను గాలి పీల్చి నడిచిందనుకున్నారా? రూలేమో గోడకి రాశారు, మెప్పేమో ట్యాంకు చూసి ఇచ్చారు. మేం ట్యాంకు వైపు వెళ్ళాం. ఇప్పుడు కావాలని చేశారంటే ఊరుకోను. మా చేతులు మీరు కోరినట్టే తయారయ్యాయి. మార్చుకోమంటే మార్చుకుంటాం. ముసలాళ్ళని మూలకి తొయ్యడానికి మాత్రం మీకు హక్కు లేదు!"

మీసాలాయన లేవబోయాడు. "అది నేర్పింది..." అని మొదలుపెట్టాడో లేదో, ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కేసింది. "కూర్చో అన్నా. నీకు మోకాళ్ళ నొప్పులు" అంది. ఆయన కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ట్రైనింగ్ పిల్ల ముందుకొచ్చింది. "సార్, మాటలెందుకు? బండి ఇక్కడే ఉంది. డ్రైవరుగారు నడుపుతారు, అందరం ఎక్కుదాం. మీరు చెప్పినట్టు కావాలనే చేశారో, ఆవిడ చెప్పినట్టు చేతి అలవాటో, రెండు గట్లు దిగితే తెలుస్తుంది. నేను వెనక సీట్లో కూర్చుంటాను, పక్కన వద్దు."

వెళ్ళారు. పదకొండుమంది డ్రైవర్లు, మేనేజరు, ఆ పిల్ల, మిగతా సీట్లలో బరువుకు ఇసుక బస్తాలు. వెళ్ళేటప్పుడు ప్రతి దిగుడునూ ఎన్‌లో దింపింది. అంకె బిగుసుకుని ఉంది. తిరిగొచ్చేటప్పుడు మొదటి దిగుడు రాగానే ఆమె ఎడమచెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది. పదిమంది ఊపిరి బిగబట్టారు. ఆమె ఆ చేతిని వెనక్కి తీసి తన తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది. బండి మీద పట్టు తెలుస్తోంది, మూడో గేరులో ఉన్నట్టే నెమ్మదిగా, బరువుగా దిగింది. బ్రేకు తొక్కే పనే లేదు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై మూడు. వెనక నుంచి ఒకాయన అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు, తరవాత అందరూ అందుకున్నారు. చివరి అంకె పలికింది మీసాలాయన.

"నీకు తప్పు నేర్పాను చెల్లెమ్మా" అన్నాడు కిందికొచ్చాక.

"డీజిల్‌కి సరిగ్గానే నేర్పావు. డీజిల్ అయిపోయింది. నువ్వేం చేస్తావు?" అంది ఆమె, తొడ కింద నుంచి తిమ్మిరెక్కిన చెయ్యి తీసుకుంటూ.

ఆ మధ్యాహ్నమే మేనేజరు పది కవర్లు చించేశాడు. పదకొండోది చించలేదు. చుక్కమ్మను గదికి పిలిచాడు.

"మీరన్నది నిజమే. కానీ అంతమంది ముందు నేరం ఒప్పుకున్నారు. నేను చూడనట్టు ఊరుకుంటే రేపు నా మీదకొస్తుంది. ఒక పని చెయ్యండి. ఆవేశంలో ఏదో అన్నాను, న్యూట్రల్‌లో ఎప్పుడూ నడపలేదు అని రెండు ముక్కలు రాసివ్వండి. కవరు చించేస్తా."

ఆమె కాగితం తీసుకుని రాసింది. "ఇరవై నాలుగేళ్ళు న్యూట్రల్‌లో నడిపాను. పైవాళ్ళకు తెలుసు." కింద సంతకం పెట్టి బల్ల మీదికి తోసింది.

మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. "ఆరు నెలలు గేటు డ్యూటీ" అన్నాడు.

గేటు దగ్గర రేకుల గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పుస్తకం. అడ్డుకర్ర ఎత్తాలి, దించాలి. లోపలికొచ్చే ప్రతి బండికీ ఎంత మిగిలిందో రాసుకోవాలి. డిపో రోడ్డు గట్టు మీద నుంచి వాలుగా గేటు దాకా దిగుతుంది. అందుకని మేనేజరు కొత్త ఉత్తర్వు ఒకటి అంటించాడు: ఏ వాహనమైనా సరే, ఈ వాలులో న్యూట్రల్‌లో వస్తే గేటు మనిషి ఆపి పుస్తకంలో రాయాలి, నడిపినవారు సంతకం చెయ్యాలి, అలా పట్టుబడినవారిని గేటు డ్యూటీకి పంపుతారు. మొదటిరోజు ఆ కాగితం చదువుతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తను తెలుసుకున్న సంగతితో తన మెడకే తాడు పేనారనిపించింది.

సాయంత్రాలు పదిమందీ ఒకరి వెనక ఒకరు వచ్చేవారు. అడ్డుకర్ర ఎత్తే ఉన్నా సరే, ప్రతి ఒక్కరూ గేటు దగ్గర ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి అంకె చెప్పేవారు. "ముప్పై ఆరు చెల్లెమ్మా!" "ముప్పై ఎనిమిది అక్కా!" ఆమె నవ్వుతూ రాసుకునేది. కొండ బండి కొత్తవాడి చేతిలో వెళ్ళిపోతుంటే మాత్రం తల తిప్పుకునేది. ఇంటికెళ్ళి మొగుడి మీద అరిచేది. అతను మిషను ఇంకా గట్టిగా తొక్కేవాడు.

మూడోవారంలో ఒక సాయంత్రం, బళ్ళన్నీ వచ్చేశాక, ఆమె అడ్డుకర్ర దించి ముఖం కడుక్కుంటోంది. వాలు మీద నుంచి చప్పుడు వినిపించింది. డిపోలో ఇంకా డీజిల్ తాగుతున్నది ఒక్కటే, మేనేజరు జీపు. దానికి వారానికి పది లీటర్లు. జీపు జోరుగా వస్తోంది. చక్రాల చప్పుడు పెద్దగా ఉంది. ఇంజను మాత్రం మెల్లగా, నిలబడ్డ బండిలో లాగా, గుర్రుపెడుతోంది. ఆ చప్పుడు ఆమె ఇరవై నాలుగేళ్ళు విన్నది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

చెయ్యి తుడుచుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, అడ్డుకర్ర ముందు నిలబడింది. జీపు కీచుమని ఆగింది. మేనేజరు ఒక్కడే ఉన్నాడు. హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

"తియ్యండమ్మా, మీటింగుంది."

"ఏ గేరులో వచ్చారు సార్?"

ఆయన నీళ్ళు నమిలాడు. చెయ్యి గేరు కర్ర మీదికి పోయింది. ఆమె ఆ చేతి వైపే చూస్తోంది. ఇప్పుడు వేస్తే చప్పుడవుతుందని ఆయనకూ తెలుసు.

"డీజిల్ చివరికొచ్చింది" అన్నాడు ఆయన చివరికి, గొంతు తగ్గించి. "శనివారం దాకా లాగాలి."

"నేను అడిగింది గేరు సార్."

"...న్యూట్రల్."

ఆమె పుస్తకం తెరిచి, జీపు ముందు భాగం మీద పెట్టి, తేదీ వేసి, టైమ్ వేసి, పేరు రాసి, పెన్ను అందించింది. ఆయన దిగొచ్చి, తన ఉత్తర్వు అంటించి ఉన్న గోడ వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టాడు.

"మరి మీకు కూడా గేటు డ్యూటీయే కదా సార్" అంది ఆమె. "గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. ఇంకోటి వేయించమంటారా?"

ఆయనకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. "రేపు పొద్దున కొండ బండి మీరు తీసుకోండి" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

"మాట వద్దు సార్. మాట ఇచ్చినవాళ్ళని, భుజం తట్టినవాళ్ళని చాలామందిని చూశాను" అంటూ ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పింది. "రాసివ్వండి."

ఆయన తన సంతకం కిందే రాశాడు. ఆమె అక్షరం అక్షరం చదువుకుంది. ఒకచోట తేదీ వెయ్యలేదని వేయించింది. అప్పుడు వెళ్ళి అడ్డుకర్ర ఎత్తింది.